లింకు డాక్యుమెంట్లు లేని కోడు

ఊరి చివర నూట యాభై గజాల ప్లాటు కొనాలంటే మనవాడు ఎంత తిరుగుతాడో చూడండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లన్నీ వరసలో పెట్టమంటాడు. అమ్మేవాడికి ఎవరమ్మారు, వాళ్లకెలా వచ్చింది, పంపకాల్లో ఆడపిల్లల సంతకాలున్నాయా, బ్యాంకులో తాకట్టు పెట్టి ఉంటే విడిపించారా అని లాయరుకు ఫీజిచ్చి మరీ చదివిస్తాడు. మధ్యలో ఒక్క దస్తావేజు దొరకలేదంటే అడ్వాన్సు వెనక్కిమ్మంటాడు.

అదే మనిషి సోమవారం పొద్దున ఆఫీసుకెళ్తాడు. లక్షల మంది డబ్బు లెక్కలు తేల్చే ప్రోగ్రాములో నలభై లైన్లు మారుస్తాడు. ‘ఏం మార్చావో, ఎందుకో రాయి’ అని, కోడులో మార్పుల రికార్డు ఉంచే గిట్ ఖాళీ పెట్టి కూర్చుంటుంది. మనవాడు ఒక్క ముక్క రాస్తాడు: ‘ఫిక్స్’.

పక్క సీటువాడు ‘చేంజెస్’ అని రాస్తాడు. వాడి పక్కవాడు ఒక చుక్క పెట్టి ఊరుకుంటాడు. ఇంకొకడు ‘ఫైనల్’ అంటాడు, మర్నాడు ‘ఫైనల్ టూ’ అంటాడు, శుక్రవారం రాత్రికి ‘ప్లీజ్ వర్క్’ అని కంప్యూటరుకే మొక్కుకుంటాడు. తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నవాణ్ని చూసి మనం తరతరాలుగా నవ్వుతున్నాం. వాడే నయం. అబద్ధమైనా ఒక కారణం చెప్పాడు.

పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉండి, ఇతరులు రాసి వదిలేసిన కోడును బాగు చేస్తూ బతుకుతున్నవాణ్ని. నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి. మనం గిట్ వాడడం లేదు. గిట్‌ను గోదాముగా వాడుతున్నాం. మూటలు తెచ్చి పడేయడం, కావాలంటే తీసుకోవడం. వెర్షన్ కంట్రోల్ అంటే బ్యాకప్ అనుకున్నవాడికి ఆ పనిముట్టు సంగతి అసలు తెలియదు. బ్యాకప్ వస్తువును దాస్తుంది. ఇది సాక్ష్యాన్ని దాస్తుంది. ఆ సాక్ష్యంలో ‘ఎవరు’, ‘ఎప్పుడు’, ‘ఏమిటి’ అనేవి యంత్రమే రాసుకుంటుంది. ‘ఎందుకు’ అన్నది మాత్రం మనిషి రాయాలి. మనం ఎగ్గొడుతున్నది సరిగ్గా ఆ ఒక్క మాటే.

ఆ మాట అడగడం గిట్‌తో మొదలవలేదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే వ్యవస్థ తయారుచేశాడు. అది యూనిక్స్‌లోకి వచ్చాక, మార్పు జమ చేయబోతే ‘కామెంట్స్?’ అని తెర మీద ప్రశ్న వేసేది. 1982లో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ తెచ్చాడు, తర్వాత సీవీఎస్ వచ్చింది, 2000లో సబ్‌వెర్షన్ పని మొదలైంది, 2005లో గిట్. పేర్లు మారాయి, వేగం పెరిగింది, ప్రశ్న మారలేదు. అర్ధ శతాబ్దంగా యంత్రం మర్యాదగా ఎందుకని అడుగుతోంది. మనం అర్ధ శతాబ్దంగా మొహం చాటేస్తున్నాం.

గిట్ పుట్టుక కథ అందరికీ నోటికి వచ్చు. లైనక్స్ కెర్నెల్ వాళ్లు 2002 నుంచి బిట్‌కీపర్ వాడేవారు, 2005లో దాని ఉచిత లైసెన్సు పోయింది, లినస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ మొదటివారంలో కూర్చుని గిట్ రాశాడు, ఏప్రిల్ 16కల్లా కెర్నెల్ కోడు అందులోకి చేరింది. ఇంటర్వ్యూలో ఇంతవరకూ గడగడా అప్పజెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మొదటి కెర్నెల్ కమిట్‌కు, అంటే గిట్‌లో జమ చేసిన మార్పుకు, ఆయన ఏం రాశాడో చదివినవాళ్లు ఎందరు? పాత చరిత్రంతా ఉంది గానీ ఇక్కడికి తేవడం లేదు, తెస్తే 3.2 గిగాబైట్లవుతుంది, గిట్ ఇంకా పసిగుడ్డు, అంత బరువు మోసే సరంజామా లేదు, కావాలంటే తర్వాత విడిగా పెట్టుకుందాం అని రాశాడు. గమనించండి. చరిత్రను పక్కన పెట్టిన రోజున కూడా ఎందుకు పెట్టాడో రాసి మరీ పెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరైనా ‘2005కు ముందుది ఏదీ?’ అని అడిగితే జవాబు ఆ కమిట్‌లోనే ఉంది. మనం ఆయన పనిముట్టు తెచ్చుకున్నాం, అలవాటు అక్కడే వదిలేశాం.

ఇప్పుడు లింకు డాక్యుమెంట్ల సంగతి. గిట్‌లో ప్రతి కమిట్‌కూ నలభై అక్షరాల గుర్తు ఉంటుంది. అది ఎవరో ఇచ్చిన వరస నంబరు కాదు. అందులో ఉన్న ఫైళ్లు, రాసినవాడి పేరు, వేళ, మెసేజు, దాని ముందటి కమిట్ గుర్తు, ఇవన్నీ కలిపి లెక్కగట్టగా వచ్చింది. అంటే ప్రతి దస్తావేజులో దాని ముందటి దస్తావేజు ముద్ర ఉందన్నమాట. ఐదేళ్ల నాటి ఒక్క అక్షరాన్ని దిద్దినా అక్కణ్నుంచి ఇవాళ్టిదాకా గుర్తులన్నీ మారిపోతాయి, దొంగ దొరికిపోతాడు. ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ ఇంత గట్టి ఏర్పాటు లేదు. ఇంత గట్టి పెట్టె చేయించి, తాళం వేసి, లోపల మనం భద్రం చేస్తున్నదేమిటయ్యా అంటే ‘ఫిక్స్’, ‘ఫిక్స్’, ‘ఫిక్స్ అగైన్’.

ఈ గొలుసు విలువ ఉత్త మాట కాదు. 2003 నవంబరులో లైనక్స్ కెర్నెల్‌లో దొంగదారి పెట్టాలని ఎవరో చూశారు. అప్పుడు అసలు రికార్డు బిట్‌కీపర్‌లో ఉండేది. అది వాడనివాళ్ల కోసం సీవీఎస్‌లో ఒక నకలు ఉంచేవారు. దొంగ ఆ నకలున్న సర్వర్లోకి దూరి రెండంటే రెండు లైన్లు చేర్చాడు. పైకి చూస్తే యూజర్ నంబరు సున్నాయేనా అని సరిచూస్తున్నట్టే ఉంటుంది. కానీ సమానం గుర్తు రెండుసార్లు ఉండాల్సిన చోట ఒక్కసారే ఉంది. అంటే సరిచూడడం కాదు, సున్నా చేసేయడం. సున్నా నంబరు అంటే ఆ యంత్రానికి సర్వాధికారి. ఎంత అనుభవజ్ఞుడి కంటికైనా దాటిపోయే మోసం. పట్టిచ్చింది కన్ను కాదు, రికార్డు. ఆ మార్పుకు అసలులో మూలం లేదు. నకలులో ఉన్నది అసలులో లేదంటే అది దొంగ దస్తావేజు, అంతే.

ఇరవై ఏళ్ల తర్వాత ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ కథ. రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, జియా టాన్ అనే పేరుతో లోపలికొచ్చినవాడు ఆ లైబ్రరీలో దొంగతలుపు పెట్టాడు. విషపు సరుకును పరీక్షల ఫైళ్ల ముసుగులో రికార్డులోనే దాచాడు. దాన్ని నిద్రలేపే స్క్రిప్టును మాత్రం గిట్‌లో పెట్టలేదు. విడుదల చేసే మూటలో మాత్రమే చేర్చాడు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టకపోయి ఉంటే ఎన్ని సర్వర్లు పోయేవో. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆయన తవ్వాడు గనక సరిపోయింది. దొంగకు తెలిసిన సంగతి మన టీమ్ లీడ్లకు తెలియదు. చరిత్రలోకి ఎక్కితే నలుగురి కళ్లు పడతాయని వాడు భయపడ్డాడు. మన చరిత్రను చూసి ఏ దొంగా భయపడడు. అందులో చదవడానికి ఏమీ ఉండదు గనక.

నా సొంత గాయం చెబుతాను. పదమూడేళ్ల కిందట ఒక కంపెనీలో బీమా ప్రీమియాల ప్రోగ్రామును నాకు అప్పగించారు. సబ్‌వెర్షన్ రోజులు. అందులో ఒక విచిత్రమైన లైను. ఒక శాఖకు మాత్రం, మార్చి నెలాఖరుకు మాత్రం, గడువు ఒక రోజు పొడిగిస్తోంది. ఎందుకో ఎక్కడా లేదు. రికార్డు తీస్తే ఆరేళ్ల కిందట చేర్చారు. మెసేజు ఉండాల్సిన చోట ‘ఫిక్స్’. చేర్చినాయన ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. టికెట్ నంబరుంది. ఆ టికెట్లున్న సాఫ్ట్‌వేరును కంపెనీ ఎప్పుడో మార్చేసింది, నంబరు పట్టుకుని వెళ్తే తలుపే లేదు. ఇదేదో పాత చెత్త అనుకుని తీసేశాను. పరీక్షలన్నీ పాసయ్యాయి. అందరూ మెచ్చుకున్నారు.

ఏప్రిల్ మొదటివారంలో ఫోన్లు మొదలయ్యాయి. మార్చి 31న బ్యాంకులో డబ్బు కట్టి, రసీదు చేతిలో పట్టుకున్నవాళ్ల పాలసీలు రద్దయినట్టు ఉత్తరాలు వెళ్లాయి. మూడు రాత్రులు ఆఫీసులోనే ఉన్నాం. ఎవరెవరినో అడిగి పాతాయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

“ఆ లైనా? తీసేశావా తమ్ముడూ?” అన్నాడు. “ఆ శాఖకు డబ్బు జమచేసే బ్యాంకు, ఏడాది చివరి రోజు వసూళ్లను మర్నాటి తేదీతో పంపేది. ఎన్ని ఉత్తరాలు రాసినా మార్చలేదు. అందుకని మనమే ఒక రోజు వదిలాం.”

“ఆ ముక్క రాసి ఉంటే బాగుండేది కదన్నా.”

“రాద్దామనే అనుకున్నా. రిలీజ్ టైమైపోయింది.”

మూడు వాక్యాలు. ఆయన నోటితో చెప్పడానికి పావు నిమిషం పట్టింది. చేత్తో రాస్తే రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు మిగిల్చుకున్నందుకు ఆరేళ్ల తర్వాత ఎనిమిది మందిమి మూడు రాత్రులు నిద్ర మానుకున్నాం. మా నిద్రదేముంది, ఎవరో ఒక పెద్దాయన రసీదు పట్టుకుని ఆ శాఖ ముందు లైన్లో నిలబడ్డాడు. ‘టైము లేదు’ అనే మాట ఎవరైనా నా ముందు అంటే నాకు ఆ లైనే కనిపిస్తుంది. నీకు మిగిలిన టైము ఎవరి జేబులోంచి తీశావో చూసుకో తమ్ముడూ.

ఇక సమాధానాలు చెప్పేవాళ్ల సంగతి చూద్దాం.

‘టికెట్ నంబరు రాస్తున్నాం కదండీ’ అంటారు. రాయండి, మంచిదే. కానీ టికెట్ అద్దె ఇల్లు, కోడు సొంతిల్లు. టికెట్ల సాఫ్ట్‌వేరును కంపెనీ కాంట్రాక్టు మారినప్పుడల్లా మారుస్తుంది. కోడు చరిత్ర మాత్రం సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు వెళ్లినా మెసేజులతో సహా వెంట వస్తుంది. ప్రాణం ఉన్నదాంట్లో పెట్టాలి కారణాన్ని.

‘మంచి కోడు తనే మాట్లాడుతుంది’ అంటారు ఇంకొందరు, మేధావులు. మాట్లాడుతుంది, తను ఏం చేస్తోందో చెబుతుంది. ఎందుకు అలా చేయాల్సి వచ్చిందో, ఇంకో దారి ఎందుకు వదిలేశారో దానికెలా తెలుస్తుంది? మా లైను చక్కగానే మాట్లాడింది, ‘ఒక రోజు కలుపు’ అంది. బ్యాంకు సంగతి చెప్పలేదు.

కొత్తగా వచ్చిన గుంపు ఇంకోటి ఉంది. ‘ఇప్పుడు మెసేజు ఏఐ రాసి పెడుతుంది’ అంటారు. బ్రహ్మాండంగా రాస్తుంది. మార్చిన లైన్లు చదివి, వాటినే పది వరసల్లో చక్కటి ఇంగ్లీషులో తిరగరాసి ఇస్తుంది. నిన్న రాత్రి పదకొండింటికి మేనేజరుకు క్లయింటు చేసిన ఫోన్ ఆ లైన్లలో ఉందా? మొన్న మీటింగులో ఇద్దరు గంటసేపు కొట్టుకుని వదిలేసిన పద్ధతి ఉందా? లేనిది అదెక్కణ్నుంచి తెస్తుంది? ‘ఫిక్స్’ అని రాసినవాడు కనీసం తనకేమీ రాయాలని లేదని ఒప్పుకున్నట్టు. ఏఐతో పది వరసలు రాయించి చదవకుండా నొక్కేసేవాడు ఖాళీ పెట్టెకు రంగుకాగితం చుడుతున్నాడు. కావాలంటే దానితో భాష దిద్దించుకో. కారణం మాత్రం నీ నోటినుంచే రావాలి.

అసలు తప్పు ఎక్కడ మొదలైంది? నేర్పే దగ్గరే. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూడండి. డెవాప్స్ కోర్సులో గిట్ ఉంటుంది. యాడ్, కమిట్, పుష్, పుల్. మెర్జ్‌కూ రీబేస్‌కూ తేడా ఏమిటన్నది ఇంటర్వ్యూ ప్రశ్న, దానికి బట్టీ జవాబు. గుండె కోసే కత్తి పట్టుకోవడం నేర్పి, గుండె ఎక్కడుంటుందో చెప్పకుండా పంపినట్టుంటుంది. ఏ క్లాసులోనైనా ఒక నిజమైన ప్రాజెక్టు చరిత్ర తెరిచి, ‘ఇదిగో, ఈ మెసేజు చదువు, ఈ మనిషి ఏ కష్టంలో పడి ఇలా చేశాడో చెప్పు’ అన్న మాస్టారు ఉంటే ఆయనకు నా దండం. ఇంజనీరింగ్ కాలేజీల సంగతి చెప్పనక్కర్లేదు. నాలుగేళ్లు చదివి చివరికి ప్రాజెక్టును జిప్ కట్టి పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. అది కొన్నదో రాసిందో చరిత్ర అడిగితే నిమిషంలో తేలిపోతుంది. అందుకేనేమో ఎవరూ అడగరు.

పైగా గిట్‌హబ్‌లో పచ్చగళ్ల పిచ్చి. రోజుకొక గడి పచ్చబడాలని రీడ్‌మీ ఫైల్లో ఒక ఖాళీ పెట్టి కమిట్, మర్నాడు ఆ ఖాళీ తీసి కమిట్. రెజ్యూమెకు పచ్చతోరణం కట్టుకోవడానికి చరిత్రను చెత్తబుట్ట చేస్తున్నాం.

మేనేజర్లకు కూడా వడ్డించాలి. గిట్‌లో ‘బ్లేమ్’ అనే ఆజ్ఞ ఉంది. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చూపిస్తుంది. పేరు చెడ్డది గానీ పని మంచిది. సబ్‌వెర్షన్‌లో అదే ఆజ్ఞకు ‘ప్రెయిజ్’ అని కూడా పేరుండేది, నింద అనుకుంటే నింద, మెప్పు అనుకుంటే మెప్పు. మన ఆఫీసుల్లో దానికి ఒకటే వాడకం, అప్రైజల్ ముందు ఎవణ్ని ఇరికించాలా అని వెతకడం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే వాతావరణం మీరు కల్పిస్తే, ఎవడు నిజం రాస్తాడు? ‘ఇది తాత్కాలికం, అసలు లోపం నాకింకా దొరకలేదు’ అని నిజాయితీగా రాసినవాణ్ని మీటింగులో నిలబెట్టి కడిగేస్తే, మర్నాటి నుంచి వాడూ ‘ఫిక్స్’ అనే రాస్తాడు. ఆ మాట వాడిది కాదు, మీరు నేర్పింది.

పెద్ద తప్పును పెద్దమనసుతో చూసిన లోకం కూడా ఉంది. 2011 డిసెంబరు 31 రాత్రి ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో చేరిన ఒక మార్పు 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ పేరుతో ప్రపంచాన్ని వణికించింది. ఎవరు రాశారో, ఎవరు చూసి చేర్చారో రికార్డు దాచలేదు. రాసినాయన కూడా అది తన పొరపాటేనని ఒప్పుకున్నాడు. అప్పుడు అందరికీ కనిపించింది ఒక దోషి కాదు. ఇంటర్నెట్‌లో సగం ఆనుకున్న కోడును చాలీచాలని డబ్బుతో గుప్పెడు మంది మోస్తున్నారన్న సంగతి. ఆ నెలలోనే అలాంటి ప్రాజెక్టులకు డబ్బు సమకూర్చే ఏర్పాటు లైనక్స్ ఫౌండేషన్ మొదలుపెట్టింది. రికార్డు ఉన్నది ఉరితీయడానికి కాదు, మళ్లీ పడకుండా గుంత పూడ్చడానికి.

కెర్నెల్ వాళ్లు 2004 నుంచి ప్రతి మార్పు కింద సంతకం పెట్టిస్తున్నారు, ఈ కోడు ఇచ్చే హక్కు నాకుందని. పాత తప్పును సరిదిద్దితే ఆ తప్పు ఏ కమిట్‌లో జరిగిందో గుర్తు రాయిస్తున్నారు. ఒక్క లైను మార్పుకు ఇరవై లైన్ల వివరణ అక్కడ వింత కాదు. దానికి ఫలం కూడా ఉంది. వెయ్యి కమిట్లలో లోపం ఏ ఒక్కదానితో వచ్చిందో ‘బైసెక్ట్’ సగం సగం చేసుకుంటూ పది పరీక్షల్లో పట్టేస్తుంది. కానీ పది రోజుల పనిని, నాలుగు సంగతులను ఒకే కమిట్‌లో కుక్కి ‘చేంజెస్’ అని రాసినచోట అది వేలు పెట్టి చూపించినా, చూపించేది ఒక చెత్తకుప్పనే.

చరిత్ర మీద నమ్మకం లేనివాడు ఏదీ పారేయడు కూడా. పాత కోడును కామెంట్‌లో పెట్టి ‘ఎందుకైనా మంచిది’ అంటాడు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త కోడు ఎనిమిది సర్వర్లలో ఒకదానికి చేరలేదు. 2003 నుంచి వాడకుండా వదిలేసిన పాత కోడు దాంట్లో లేచి కూర్చుని ఆర్డర్లు పెట్టింది. గిట్‌లో ఒకసారి ఎక్కించి తీసేసింది ఎక్కడికీ పోదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తెచ్చుకోవచ్చు. పోదని తెలిసినవాడే ధైర్యంగా తీసేస్తాడు.

చివరిగా మనవాళ్లు పైకి చెప్పుకోని కారణం ఒకటుంది. ఇంగ్లీషు. రాయాలంటే భయం, తప్పు రాస్తే నవ్వుతారని సిగ్గు. అందుకే ఎవరూ తప్పుపట్టలేని ఆ ఒక్క మాట. ఏ ఊరి బడిలో చదివి వచ్చామో నాకూ తెలుసు, ఈ భయం నేనూ పడ్డాను. గిట్ మెసేజులో తెలుగు రాసుకోవచ్చు, అది యూనికోడ్‌ను నిక్షేపంగా దాస్తుంది. టెర్మినల్‌లో ఒత్తులు చెదిరితే చెదరనివ్వండి. టీమంతా మనవాళ్లే అయితే తెలుగులో రాయండి, ఎవడు కాదంటాడు? పుణెవాళ్లో చెన్నైవాళ్లో ఉంటే ముక్కలు ముక్కల ఇంగ్లీషులో రాయండి. ‘బ్యాంక్ సెండ్ రాంగ్ డేట్, సో వన్ డే ఎక్స్‌ట్రా’. వ్యాకరణం కుంటిదే. కానీ ఆ కుంటి వాక్యం మా ఆఫీసులో ఉండి ఉంటే మూడు రాత్రులు మిగిలేవి, ఆ పెద్దాయన ఇంట్లో ఉండేవాడు.

ఆ ఏప్రిల్‌లో ఆ లైనును మళ్లీ పెట్టాను. ఒక్క లైనుకు పద్నాలుగు లైన్లు రాశాను. బ్యాంకు ఏం చేస్తుంది, ఎవరిని అడిగి తెలుసుకున్నాం, తీసేస్తే ఏమైంది, ఎప్పుడు తీసేయొచ్చు, అన్నీ. ‘కథలు రాస్తున్నావా’ అని నవ్వారు. తర్వాత నేను ఆ కంపెనీ మారాను, వాళ్లు గిట్‌కు మారారు.

కిందటేడు ముక్కూ మొహం తెలియని ఒకమ్మాయి నుంచి మెయిలొచ్చింది. “సార్, ఆ లైను చూసి తీసేయబోయాను. మీ మెసేజు చదివి ఆగాను. బ్యాంకును కనుక్కుంటే ఇప్పుడు తేదీ సరిగ్గానే పంపుతున్నారట. రెండు మార్చి నెలల ఫైళ్లు సరిచూసి అప్పుడు తీసేశాను. ఎందుకు తీశానో నేనూ రాశాను” అని, రాసింది కూడా జతచేసి పంపింది. చదివాను. పదకొండు లైన్లు. రెండో లైనులో నా కమిట్ గుర్తు.